లవంగం సీసా

ఆ ఫైలు నాది కాదు డాక్టరమ్మా, పక్కకు పెట్టు. దాని మీద రాసిన పేరు శ్రీలలిత. ఆమె నా యారాలు, మా మరిది పెండ్లాం. ఎనిమిది నెలల సంది ఆమెను తోల్కొని వస్తున్న. వచ్చిన ప్రతిసారి నువ్వు ఆమె దిక్కు తిరిగి, ఎట్లున్నదమ్మా, అన్నం సయిస్తున్నదా, నిద్ర పడుతున్నదా అని అడుగుతవు. ఒక్కసారన్న నా దిక్కు తిరిగి, నీకెట్లున్నది అని అడిగినవా?

తప్పు పడుతలేను. వెంట వచ్చినోళ్లను ఎవరడుగుతరు? ఆటో మాట్లాడేటందుకు, సంచి పట్టుకునేటందుకు, మందుల చీటి జాగ్రత్త చేసేటందుకు వచ్చినోళ్లం.

ఇయ్యాల ఆమె టోకెన్ మీద నేను లోపలికొచ్చిన. ఎందుకొచ్చిన్నో చెప్తా, జెర ఓపిక పట్టు. బయట ఇంక ఇద్దరే ఉన్నరు, నేను చూసే వచ్చిన. నా బిడ్డ ఈడుదానివి, నువ్వు అంటున్నా అని ఏమనుకోకు.

నాక్కూడ వాసన వస్తలేదు.

అట్ల చూడకు. ఏడాదిన్నర అయితున్నది. ఆమెకు ఏ జ్వరంల పోయిందో అదే జ్వరంల నాక్కూడ పోయింది. ఎవరికీ తెల్వదు. మా ఆయనకు సుత తెల్వదు. అన్ని నెలలు నీ ముంగట కూసున్న, నీకు తెల్సిందా?

ఎందుకు చెప్పలేదంటవా? అదే చెప్తున్న.

మాది మెట్టుగూడ. కింద మా ఆయన కార్ఖానా ఉన్నది, ఆయన పేరు బ్రహ్మచారి, తలుపులు, దర్వాజాలు చేస్తడు. పైన ఇల్లు. అన్నదమ్ములు ఇద్దరు కలిసే ఉంటరు. మా అత్తమ్మ కమలాబాయికి డెబ్బై ఎనిమిది. మా మరిది సత్యదేవ్ రైల్వే ఆఫీసుల చేస్తడు. శ్రీలలిత ఇక్కడనే, మీ పద్మారావు నగర్ల బడిల టీచరు. చదువుకున్నది, జీతం ఉన్నది, ఇంగ్లీషుల మాట్లాడుతది. నాకేమున్నది? వంటిల్లున్నది. ముప్పై ఏండ్ల సంది ఆ పొయ్యి నాది. చుట్టాలొస్తే భవాని చేతి పప్పుచారు అంటరు. శ్రీలలితను పదిమాటలతోని మెచ్చుకుంటరు, నాకు ఆ ఒక్క మాటనే. అది చాలు నాకు. చాలు అనుకున్న.

పోయినేడు కాదు, ఆ ముందటేడు వానకాలంల ఇంటిల్లిపాదికి జ్వరం వచ్చింది. కరోనానో ఇంకేందో, ఎవరం టెస్టు చేయించుకోలె. అత్తమ్మను మటుకు ముట్టలె. నాలుగో దినం నాకు జెర తేటగ అయింది, లేచి చాయ్ పెట్టిన. అల్లం దంచి ఏసిన. మూతికాడికి తెచ్చుకుంటే ఏం లేదు. వేడి తెలుస్తున్నది, తీపి తెలుస్తున్నది, అంతే. చక్కెర కలిపిన ఉడుకునీళ్లు తాగినట్టున్నది. దేవుని కాడికి పోయి అగర్‌బత్తి ముట్టించి ముక్కు కింద పెట్టుకున్న. పొగకు కండ్లల్ల నీళ్లొచ్చినయి గని వాసన రాలె.

భయమైంది. ఎందుకు కాదు? మధ్యాహ్నం అందరు అన్నానికి కూసున్నప్పుడు చెప్దామనుకున్న.

అందరు కూసున్నరు. శ్రీలలిత ఒక ముద్ద నోట్ల పెట్టుకున్నది. పెట్టుకొని ఏడ్చింది. నాకేం వాసన వస్తలేదత్తమ్మా, మామిడికాయ తొక్కు సుత మట్టి లెక్క ఉన్నది అన్నది.

ఇగ చూడు. అత్తమ్మ తింటున్న కంచం వదిలి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టింది. మరిది అప్పటికప్పుడు ఎవరెవరికో ఫోన్లు. మా ఆయన, నాకు జ్వరం వచ్చిందని మూడోనాడు గని తెల్వనోడు, లేచి పోయి నీలగిరి తైలం తెచ్చిండు.

నా మాట నా నోట్లనే ఉన్నది. నాక్కూడ అట్లనే ఉన్నదని అంటే ఎట్లుంటది చెప్పు? ఆమెను చూసి నేను సుత మొదలుపెట్టిన అనుకుంటరు. పన్నెండేండ్ల సంది ఆ ఇంట్ల ముందుగాల ఆమెకు, తర్వాత నాకు. ఆఖరికి రోగం సుత ఆమె ముందుగాల చెప్పుకున్నది. నేను చారు పోసుకొని తిన్న.

వారం రోజుల్ల అదే వస్తదనుకున్న. రాలె. నెల అయింది. నెల దాటినంక ఏమని చెప్పాలె? ఇన్ని రోజులు ఎందుకు దాచినవంటరు. పైకెల్లి, ముక్కు లేనిదాని చేతి వంట ఎట్ల తినాలె అంటరు. అనరా? మా అత్తమ్మ అంటది.

అందుకే ముక్కు లేకుండ వండుడు నేర్చుకున్న. ఆవాలు చిటపటమంటే చెవికి తెలుస్తది. ఎల్లిపాయ రంగు చూస్తే తెలుస్తది. ఉప్పు, పులుపు, కారం నాలుక చెప్తది. ఇంగువ చిటికెడు అంటే చిటికెడే, చెయ్యికి ముప్పై ఏండ్ల అలవాటు. పాలు విరిగినయో లేదో మటుకు తెల్వకపోయేది. మొదలు అత్తమ్మ కాఫీల పోసేదాన్ని. ఆమె మొఖం చిట్లిస్తే మిగిలినయి పారబోసేదాన్ని. పాపమే. ముసలామె తోని పాలు పరీక్ష చేయించిన. ఇది సుత రాసుకుంటవా?

శ్రీలలిత కథ వేరే. మూడు నెలలు ఏ డాక్టర్ కాడికి పోయినా తగ్గలె. తర్వాత అన్నీ కంపు కొట్టుడు షురూ అయింది. ఉల్లిగడ్డ వేగుతుంటే మురికి మోరీ వాసన అనేది. కాఫీ కాలిన రబ్బరు అనేది. నేను పొయ్యి మీద పోపు పెడితే ఆమె ముక్కు మూసుకొని బయటికి ఉరికేది. ఆమె కోసమని ఇంట్ల నెలరోజులు ఉల్లిగడ్డ బందు చేసిండ్రు. బక్కగ అయింది, నిజమే. నాకు అది లేకుండె. నాకు కంపు లేదు, కమ్మన లేదు. సున్న. సున్న ఎవరికి కనపడుతది?

ఎవరో చెప్పంగ నీ కాడికి వచ్చినం. మరిదికి డ్యూటీ, నువ్వు పో భవానీ అన్నది అత్తమ్మ. నువ్వు ముక్కుల సన్న కెమెరా పెట్టి చూసినవు, లోపల అడ్డం ఏం లేదన్నవు, జ్వరానికి వాసన నరం దెబ్బతిన్నదని చెప్పినవు. అంత మంచిగ బొమ్మ గీసి ఆమెకు చెప్తుంటే నేను ఎనకనుంచి మెడ సాపి చూసిన. నాకు సుత అప్పుడే అర్థమైంది, నాకు ఏమైందో.

తర్వాత వాసనలు నింపిన పెన్నులు తెచ్చి ఒక్కొక్కటే ఆమె ముక్కు కాడ పెట్టినవు. ఇది నారింజనా, తోలా, దాల్చినచెక్కనా, చేపనా అని అడిగినవు. నేను సుత ఊపిరి పీల్చిన. ఆమె పన్నెండుల నాలుగు చెప్పింది. నేను మనసుల చెప్పుకున్నయి ఎన్ని కరెక్టో నాకు తెల్వదు. ఎవరడిగిండ్రు నన్ను?

నాలుగు సీసాలు ఇచ్చినవు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. పొద్దుగాల, సాయంత్రం, ఒక్కొక్కటి ఇరవై సెకండ్లు, నెమ్మదిగ పీల్చాలె, ఆ వాసన ఎట్లుండెనో యాది చేసుకుంట పీల్చాలె అన్నవు. దీనికి మంత్రం లేదు, నెలలు పడుతది, విడవకుండ చెయ్యాలె అన్నవు.

యాది చేసుకుంట అన్నవు చూడు, అదే నన్ను కాల్చింది.

రోజు పొద్దుగాల ఆమె కిటికీ కాడ కుర్చీల కూసునేది. కండ్లు మూసుకునేది. మా మరిది గడియారం పట్టుకొని పక్కన నిలబడేటోడు. గులాబీ సీసా పెట్టి, మన పెండ్లి దండలు యాది చేసుకో లలితా అనేటోడు. నిమ్మ పెట్టి, యాదగిరిగుట్టకు పోయినప్పుడు సోడా తాగినం గదా అనేటోడు. అత్తమ్మ పక్కకు చేరి, పంటి నొప్పికి నేను లవంగం పెట్టిన గదా, యాది తెచ్చుకో బిడ్డా అనేది. ఇంట్లోళ్లందరు ఆమె ముక్కు సుట్టు కూసునేటోళ్లు. నేను ఇవుతల రొట్టెలు కాల్చుకుంట అన్ని వింటుండేదాన్ని.

నాకు ఏం యాదులున్నయి? మా పెండ్లిల దండలు బంతిపూలవి. అవి ఎట్ల వాసన వచ్చినయో నాకు యాదికి లేదు, మా ఆయనకు ఎట్లనూ లేదు. ముప్పై ఏండ్ల ఎనక ఆయన దగ్గరికొస్తే టేకు పొట్టు వాసన వచ్చేది. ఇప్పుడు అది సుత లేదు. ఆయన వచ్చిండా పోయిండా, చప్పుడుతోనే తెలుస్తది.

ఆమె బడికి పోయినంక, మధ్యాహ్నం అత్తమ్మ పండుకున్నంక, నేను ఆ సీసాలు తీసేదాన్ని. అవును, దొంగతనంగనే. నాలుగు మూతలు ఇప్పి, నువ్వు చెప్పినట్టే పీల్చేదాన్ని. పక్కన గడియారం పట్టేటోళ్లు లేరు, లోపల లెక్కపెట్టుకునేదాన్ని. ఏం రాలె. రోజుకు ఒక్కపూటనే అయ్యేది, ఆమెకు రెండు పూటలు. అందుకే రాలేదేమో అని సుత అనుకున్న.

ఐదు నెలలైంది. ఒకనాడు నేను నిమ్మకాయ పులిహోర కలుపుతున్న. ఆమె హాల్ల కాపీలు దిద్దుకుంటున్నది. ఉన్నట్టుండి లేచి వచ్చి నా ఎనక నిలబడ్డది. అక్కా, నిమ్మకాయ అన్నది.

నా చేతిల నిమ్మకాయ చెక్క ఉన్నది. నేనే పిండుతున్న. నా వేళ్లకు రసం అంటి ఉన్నది. నాకు రాలేదు, ఆమెకు అంత దూరంకెల్లి వచ్చింది.

అత్తమ్మ ఏడ్చింది. మరిది మిఠాయి తెచ్చిండు. నేను నవ్విన. నన్ను సుత మెచ్చుకున్నరు, నీ చేతి పులిహోరతోనే వచ్చింది అని. ఆ మాట నాకు ఎంత మంట పుట్టించిందో, ఎవరికన్న చెప్తే నమ్ముతరా?

మరుసటి దినం మధ్యాహ్నం లవంగం సీసా తీసిన. దానిలున్న నూనె మోరీల పోసిన. ఉడుకునీళ్లతోని సబ్బు పెట్టి మూడుసార్లు కడిగిన. వాసన పోయిందో లేదో నాకు తెల్వదు గదా. ముక్కు ఉన్నదాన్నైతే ఒక్కసారి చూసుకునేదాన్ని. అందుకని ఇంకోసారి కడిగి, డాబా మీద ఎండకు పెట్టి, సాయంత్రం వంటనూనె పోసి మూత పెట్టిన.

నువ్వు ఏం అనకు. ముందు మొత్తం విను.

నాలుగూ ఎందుకు మార్చలేదంటవా? నాలుగు మారిస్తే దొరికిపోత. లవంగమే ఎందుకంటే, అత్తమ్మ రోజు ఆమెకు చెప్పే యాది అదే. పంటి నొప్పికి పక్కన కూసొని లవంగం పెట్టిన యాది. నాకు బిడ్డ పుట్టినప్పుడు సుత ఆమె నా పక్కన అంతసేపు కూసోలె.

ఆరు వారాలు ఆమె వంటనూనె పీల్చింది. గులాబీ జెర వస్తున్నది, నీలగిరి వస్తున్నది, లవంగం వస్తలేదు అని నీకు చెప్పింది. నేను పక్కననే ఉన్న. కొన్ని వాసనలు ఆలస్యమైతయి, పరేషాన్ కావద్దు అని నువ్వు ఆమె భుజం తట్టినవు. ఫైల్ల రాసినవు సుత. ఆ రాత తప్పు డాక్టరమ్మా. అది ఆమె ముక్కు తప్పు కాదు, నాది.

ఇగ పోయిన నెల సంగతి. సాయంత్రం నాలుగున్నర. పొయ్యి మీద పప్పుచారు పెట్టి, నేను కింద కూసొని సొరకాయ తరుగుతున్న. చారు మసిలే చప్పుడు వింటుంటే చాలు నాకు, లేచి చూసే అవసరం ఉండదు. ఆనాడు కింద మా ఆయన కోత మిషన్ నడిపిస్తున్నడు. ఆ రొదల నాకేం వినపడలె. చారు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు పోతనే ఉన్నది. మిషన్ ఆగినంక చూస్తే పొయ్యి ఆరి ఉన్నది. అర్రె అనుకొని లేచి లైటర్ అందుకున్న.

అప్పుడే ఆమె బడికెల్లి మెట్లెక్కి వచ్చింది. సంచి అక్కడనే పారేసి ఉరికొచ్చి నా మణికట్టు పట్టుకున్నది. ఎంత గట్టిగ పట్టుకున్నదంటే, గాజు పగిలి నాకు గీసుకపోయింది. ఇంకో చేత్తోని నాబ్ మూసింది. కిటికీలు తెరిచింది. లోపల గదిల పండుకున్న అత్తమ్మను లేపి డాబా మీదికి తోల్కపోయింది.

ఇల్లంత పోయేది. అత్తమ్మ, నేను, కింద మా ఆయన, చెక్క సామాను, అన్ని పోయేటియి. ఆ యాల్లకు నా మనసుల ఏం మెదిలిందో చెప్పనా? ఈమెకు గ్యాసు వాసన సుత వచ్చేసిందా అని. అదే మెదిలింది. బతికినం అని కాదు.

సాయంత్రానికి అందరికి తెల్సిపోయింది. శ్రీలలిత ముక్కు ఇల్లు కాపాడింది అన్నరు. నన్నేమన్నరు? మా ఆయన, మతి యాడ పెట్టుకున్నవు, ఎదురంగ గ్యాసు లీకైతుంటే తెల్వలేదా అన్నడు. పడిశం పట్టింది అన్న. అత్తమ్మ మరునాటి సంది పొయ్యి కాడికి నన్ను ఒంటరిగ పోనిస్తలేదు. పొద్దుటి వంట లలిత చేసి పోతది అన్నది. ముప్పై ఏండ్ల పొయ్యి, ఒక్క మాటతోని పోయింది.

మూడోనాడు ఆమె బడికి సగం పూట సెలవు పెట్టి వచ్చింది. నేను ఎల్లిపాయలు ఒలుస్తున్న. నా ముంగట రెండు పెట్టింది. ఒకటి పోపుల డబ్బా. ఇంకోటి ఆ సీసా.

"అక్కా, డబ్బాల లవంగం నాకు మంచిగ వస్తున్నది. సీసాల లవంగమే వస్తలేదు," అన్నది.

నేను తల ఎత్తలె. ఇప్పుడు అరుస్తది, అత్తమ్మను పిలుస్తది, మొగోళ్లను పిలుస్తది అనుకున్న. పిలువనీ, అయిపోనీ అనుకున్న. ఆమె కింద నా పక్కన కూసున్నది.

"నీకు ఎప్పటి సంది వస్తలేదక్కా?" అని అడిగింది.

సీసా ఎవరు మార్చిండ్రని అడగలె. ఎందుకు చేసినవు అని అడగలె. చేతిల లైటర్ పట్టుకొని నిలబడ్డప్పుడే ఆమెకు తెల్సిపోయిందట. ముక్కున్న మనిషి ఆ గ్యాసుల అట్ల నిలబడదు గదా అన్నది. అన్ని రోజులు నేను ఏ కూర ఎట్లున్నదో అత్తమ్మను అడిగేదాన్నట, అప్పుడు గమనించలేదట. ఏడాదిన్నర సంది నన్ను ఒక మనిషి అడిగిందంటే ఆమెనే అడిగింది.

"నీకు పోయిన్నాటి సందే," అని ఆమెకు చెప్పిన. ఆమె ఏడ్చింది. నేను ఏడ్వలె.

ఇంట్ల ఎవరికీ చెప్పలె ఆమె. గాలికి మంట ఆరిందని, ఎవరున్నా అట్లనే అయ్యేదని అత్తమ్మకు నచ్చజెప్పి, పొయ్యి మళ్ల నాకు ఇప్పించింది. అప్పటి సంది బడికెల్లి వచ్చినంక వంటింట్ల నా పక్కననే కూసుంటున్నది, పని ఉన్నట్టు. ఇయ్యాల ఆమె టోకెన్ నాకిచ్చి, నువ్వు పో అక్కా, నా సంగతి తర్వాత చూసుకుంట అన్నది. బయట కూసున్నది చూడు, మూడో కుర్చీల. నా సంచి పట్టుకొని.

తిట్టినా బాగుండు డాక్టరమ్మా. సీసా పగలగొట్టి నా మొఖాన కొట్టినా బాగుండు, లెక్క సరిపోయేది. మంచితనంల సుత ఆమెనే ముందు నిలబడ్డది. ఇప్పుడు నేను ఏ ముక్కుతోని, ఏ మొఖంతోని ఆమె ఎదురంగ తిరగాలె?

ఏందీ? కెమెరా పెట్టి చూస్తవా? చూడు. నొప్పి అయితే కానీ.

ఏడాదిన్నర అంటే జెర ఆలస్యమైందా... ముందుగాల షురూ చేస్తే మంచిదుండెనా. తెల్సు. నువ్వు ఆమెకు చెప్తుంటే విన్న. గ్యారంటీ లేదంటవు, ఆమెకు సుత అట్లనే చెప్పినవు. కొందరికి వస్తది, కొందరికి సగం వస్తది, చేస్తనే ఉండాలె. చేస్తా. ఈసారి రెండు పూటలు చేస్తా, ఎదురంగనే చేస్తా. అత్తమ్మకు నేనే చెప్పుకుంట, ఆమె తోని చెప్పించను.

రాసుకో. పేరు భవాని. యాభై రెండు. ఆమె ఫైల్ల లవంగం కాడ రాసింది సుత కొట్టేసి సరిగ్గ రాయి, ఎందుకో కారణం రాసినా సరే.

ఒక్కటి అడుగుతా, నవ్వద్దు. ఆమెకు ఇంకా మొత్తం రాలేదన్నవు గదా. కాఫీ ఇంక రబ్బరు లెక్కనే ఉన్నదట. మరి నేను ఇయ్యాల షురూ చేస్తే, ఆమెకు ఆ మిగిలింది వచ్చేలోపల నాకు వస్తదా?

అంత చెప్పినంక సుత ఇదా అడుగుడు అని చూస్తున్నవు. ఏం చెయ్యాలె, నాకు ఇదే వస్తున్నది మనసుల. ఆమెకు రావద్దని నేనంటలేను. రావాలె, మొత్తం రావాలె, నిండుగ రావాలె. గని నా ఎనక రావాలె. గంతే.